వాగు అవతలి కూత

ఆషాఢం వచ్చి పదకొండు రోజులైంది. వాన మాత్రం ఒకటే. మొదటిరోజు పట్టిన వానే ఇంకా తెరిపివ్వలేదు. పోకతోట మీదికి మబ్బు దిగిపోయి, చెట్ల తలలు మాయమై, బూడిదరంగు మానులు మాత్రమే వరసగా నిలబడి ఉన్నాయి. పెంకుల మీంచి జారే నీళ్ళు చూరు కింద రాతిపలకల మీద పడుతుంటే, పక్కగదిలో ఎవరో కూర్చుని ఆపకుండా మాట్లాడుతున్నట్టుంది. నాగవేణికి ఆ మాటలు కొత్త కాదు. ముప్పై మూడు వానాకాలాలుగా వింటోంది.

పొయ్యి ముందు కూర్చుని పల్చని దోసెలు పోస్తోంది ఆవిడ. పొయ్యి పైన కట్టిన వెదురు దండెం మీద నిన్నటి బట్టలూ మొన్నటి బట్టలూ పొగ తాగుతూ వేలాడుతున్నాయి. దోసె కాగితంలా లేవాలంటే పెనం వేడి తెలియాలి. పెనం వేడి తెలియాలంటే మనసు పెనం మీదుండాలి. ఆవేళ లేదు. అప్పటికే రెండు దోసెలు అంటుకుపోయాయి.

మనసంతా అటక మీది రేకుపెట్టె దగ్గరుంది. కొడుకు శ్రీపాద జాతకం నిన్న సాయంత్రం మళ్ళీ ఇల్లు చేరింది. ఇరవై ఒకటోసారి. నాలుగు మూలలా పసుపు రాసి, దేవుడి దగ్గర పెట్టి, దండం పెట్టుకుని పంపిన కాగితం పసుపైనా చెదరకుండా తిరిగొచ్చింది. సిద్ధాపురం వైపు సంబంధం. పిల్ల తల్లి మర్యాదగానే చెప్పింది. అబ్బాయి బంగారమేనట. బెంగళూరులో ఉండుంటే కళ్ళకద్దుకుని ఇచ్చేవాళ్ళట. పల్లెలో, తోటపని చేసే ఇంట్లో అయితే పిల్ల ఇమడలేదట.

"ఇమడలేదంట," అంది నాగవేణి మూడో దోసెతో. "వాళ్ళు తినే అన్నం తారురోడ్డు మీద పండుతుంది గావును."

అరుగు మీద తాంబూలం పళ్ళెం ముందు కూర్చున్న సుబ్రాయ హెగ్డే అడకత్తెర ఆపాడు. "పొద్దున్నే ఎవర్ని?"

"ఆ సిద్ధాపురం మహాతల్లిని."

"నిన్న తిట్టావు కదా."

"నిన్నటిది నిన్నటికి అయిపోయింది."

హెగ్డే మళ్ళీ వక్క కత్తిరించడంలో పడ్డాడు. ఆయన మాటలు వానాకాలపు ఎండలాంటివి. వస్తే గుర్తుంచుకోవలసిందే, మళ్ళీ ఎప్పుడొస్తాయో తెలియదు.

అప్పుడు వాగు అవతల నుంచి కూత వినబడింది. "కూ..." అని సన్నగా మొదలై, మబ్బులో తడిసి, తోట మీదుగా తేలుకుంటూ వచ్చింది.

ఆ లోయలో ఇంటికీ ఇంటికీ మధ్య గుట్టో వాగో ఉంటుంది. మొదటి ఉరుముకే టవరు పడిపోతుంది, ఫోన్లు గోడకు వేలాడే దేవుడి పటాలైపోతాయి. అందుకే తాతల నాటి కూత ఇంకా చావలేదు. పొద్దున ఒక కూత, మేం బాగున్నాం మీరెలా ఉన్నారని. తోటలోకి దిగేముందు మధ్యాహ్నం ఒకటి. వాగు దాటి వెళ్ళినవాడు ఇల్లు చేరాక ఒకటి. విన్నవాళ్ళు జవాబివ్వాలి. గట్టు తగాదాతో కోర్టు మెట్లెక్కిన ఇళ్ళ వాళ్ళు కూడా పొద్దున్నే ఒకళ్ళకొకళ్ళు కూతేసుకుని, ఆ తర్వాతే లాయరు దగ్గరికి బయల్దేరతారు. జవాబు రాలేదంటే ఆ ఇంట్లో పామైనా కరిచుండాలి, గుట్టయినా జారుండాలి. చేతిలో పని చేతిలోనే వదిలి పరిగెత్తాలి.

ఆ కూత గజాననుడిది. వాగు అవతలి ఇంట్లో వాడూ, వాడి తండ్రి పరమేశ్వర భట్టూ ఇద్దరే ఉంటారు. తల్లి పోయి అయిదేళ్ళయింది. రోజూ జవాబిచ్చేది శ్రీపాద. ఆవేళ అతను చెట్లకు కొట్టే మందు కలపడానికి కొట్టంలో ఉన్నాడు. మేడ మీంచి చెక్కమెట్లు టకటకమన్నాయి. కూతురు సహన జుట్టైనా ముడేసుకోకుండా అరుగు మీదికి దూకి, రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టి జవాబిచ్చింది.

నాగవేణి చేతిలో గరిటె ఆగిపోయింది.

కూత గట్టిగానే ఉంది, పొడుగ్గానే ఉంది. కానీ మేం బాగున్నామని ఇరుగింటికి చెప్పే కూత కాదది. చివర కొంచెం వంగింది, పందిరి దొరికిన తీగ మొన వంగినట్టు. ఆ వంపు ఏమిటో ఆడదానికి ఇంకొకళ్ళు విప్పి చెప్పనక్కర్లేదు.

నాలుగో దోసె మాడింది.

సహనకు ఇరవై ఏడేళ్ళు. అయిదేళ్ళుగా బెంగళూరులో ఉద్యోగం. నాలుగు రోజుల సెలవు మీద వచ్చింది. వచ్చింది కూడా తల్లి రమ్మంటేనే. ఆదివారం పెళ్ళిచూపులు. అబ్బాయిది బెంగళూరే, పదిహేడో అంతస్తులో సొంత ఇల్లు, కింద ఈతకొలను. ఆ కొలను సంగతి నాగవేణి ఊళ్ళో నలుగురికీ చెప్పి ఉంది.

హెగ్డే తోటలోకి దిగేదాకా ఓపికపట్టి, కూతురు వంటింట్లోకి రాగానే అడిగేసింది. "ఎప్పట్నుంచి?"

సహన అడ్డం తిరగలేదు, ఏమిటని అడగలేదు. పీట వాల్చుకుని కూర్చుంది. "పోయిన వానాకాలం నుంచి, ఆయీ."

"ఏం చూశావు వాడిలో?"

"చూడటం కాదు. విన్నాను."

సాయంత్రం ఆరింటికి గజాననుడు గుట్టెక్కి, ఫోను పలికే బండ మీద నిలబడతాడట. పలికిన రోజున ఫోను చేస్తాడట. చేసి మాట్లాడడట. ఫోను గొడుగులోంచి బయటికి చాపి పట్టుకుంటాడట.

"అరగంట వాన వింటానాయీ. నా గదిలో కిటికీ తెరుచుకోదు, అద్దం బిగించేశారు. బయట వాన పడినా టీవీలో మాట తీసేసినట్టుంటుంది. ఆ అరగంట కళ్ళు మూసుకుంటే మన తోట వాసనొచ్చేది. పోకపూత విచ్చినప్పటి వాసన. ఫోన్లో వాసనెలా వస్తుందని నవ్వకు. వచ్చేది."

చెబుతుంటే పిల్ల కళ్ళు ఎక్కడో ఉన్నాయి. పొయ్యి వెలుగు చెంప మీద ఆడుతోంది. ఒక్క క్షణం నాగవేణికి ఆ ముఖం ఎరిగినట్టే అనిపించింది. ఏ అద్దంలో చూసిందో గుర్తురాలేదు. గుర్తు తెచ్చుకునే ఓపికా లేదు.

"వాన కోసం మొగుణ్ణి కట్టుకుంటారటే?" అంది. "అంత ముచ్చటైతే ఓ బిందెడు పట్టిస్తాను, బస్సులో పెట్టుకుని పో."

సహన నవ్వేసింది. ఆ నవ్వుతో తల్లికి ఇంకా మండింది.

"బయట నుంచి విను, వాన పాటగానే ఉంటుంది. లోపలుండు, వాన పనవుతుంది. ఉతికిన చీర ఎనిమిది రోజులు ఆరదు, ఆరినా కట్టుకుంటే పొగ వాసన. పెరట్లోకి వెళ్ళి కరివేపాకు తెచ్చుకుంటే కాలికి నాలుగు జలగలు. కరెంటు పోతే తొమ్మిది రోజులు. నువ్వు పుట్టేటప్పుడు నన్ను కుర్చీకి కట్టి నలుగురు మోసుకుంటూ వాగు దాటించారు, తెలుసా? నడుముల్దాకా నీళ్ళు. నా అరుపులు వాళ్ళకే వినబడలేదు, ఆ హోరులో. నీ పాట అది."

"తెలుసాయీ. ఆ కథ ఏటా చెబుతావు."

"తెలిసే అడుగుతున్నావా? ఆ ఇంట్లో ఆడదిక్కు లేదు. పొయ్యిలో బూడిద తీసేవాళ్ళు లేరు. పదిహేడో అంతస్తులో బురదుండదు, జలగుండదు. మీట నొక్కితే వేణ్ణీళ్ళు. వానొస్తే చూసుకోవడానికే, మొయ్యడానికి కాదు."

"ఆ అబ్బాయితో రెండుసార్లు మాట్లాడాను," అంది సహన నెమ్మదిగా. "మొదటిసారి ఫోన్లో ఇల్లు చూపించాడు. గది గదీ. రెండోసారి కారు చూపించాడు, లోపలా బయటా. మూడోసారి ఏం చూపిస్తాడోనని భయమేసింది. నీకేమిష్టమని ఒక్కసారీ అడగలేదాయీ."

"ఇష్టాలడగడానికి అతనేమన్నా హోటల్లో సప్లయరా?"

"నేను ఆ ఊళ్ళో కొనుక్కున్నవన్నీ ఇంకా అట్టపెట్టెల్లోనే ఉన్నాయి. విప్పుదామంటే ఎవరికోసం విప్పాలో తెలియదు. చీకటితో లేచి బస్సెక్కి, చీకటి పడ్డాక దిగుతాను. పగలెలా గడిచిందో ఎవరూ అడగరు. వీడు వాగవతల నుంచి రోజుకు రెండుసార్లు అడుగుతాడు, బాగున్నారా అని. నాకదే పెద్ద ఇల్లులా అనిపిస్తోంది. తప్పా?"

"తప్పే," అంది నాగవేణి. గొంతు లేచింది. "ముద్దుమాటలు రెండు వానాకాలాలు బతుకుతాయి, మూడో ఏడు బూజు పడతాయి. ఈ బురదలోకి కన్నతల్లి ఎవతీ తెలిసి తెలిసి కూతుర్ని దింపదు. తోటపని చేసేవాడికి పిల్లనివ్వను. నా గొంతులో ఊపిరుండగా ఇవ్వను."

పెరటి గుమ్మం దగ్గర అలికిడైంది.

తలమీంచి కప్పుకున్న గొంగడి కొప్పెరలోంచి నీళ్ళు కారుతూ శ్రీపాద నిలబడి ఉన్నాడు. ముప్పై దాటిన మనిషి. మైలుతుత్తం కలిపిన చేతులు మోచేతులదాకా నీలంగా ఉన్నాయి. ఎంతసేపట్నుంచి ఉన్నాడో తెలియదు. కొప్పెర మేకుకు తగిలించాడు. చేతులు కడుక్కుని వచ్చాడు, నీలం పోలేదు. పీట మీద కూర్చుని అరిటాకు ముందుకు జరుపుకున్నాడు.

"దోసె పెట్టాయీ."

నాగవేణి రెండు పెట్టింది. అతను పాకం బెల్లం అద్దుకుని ఒక ముక్క తిన్నాడు. తర్వాత తలెత్తకుండానే అన్నాడు. "సిద్ధాపురం ఆవిడ కూడా ఇదే అంది కదా. కాకపోతే ఇంత గట్టిగా అనలేదు."

నాగవేణి పెనం మీద నీళ్ళు చిలకరించింది.

"ఇరవై ఒక్కమంది తల్లుల్ని తిట్టుకున్నాం మనం," అన్నాడు శ్రీపాద. కోపంగా అనలేదు, తోటలో ఎన్ని గెలలు రాలాయో చెప్పినట్టు అన్నాడు. "వాళ్ళది డబ్బు పిచ్చనుకున్నాను ఇన్నాళ్ళూ. కాదన్నమాట. నీలాంటివాళ్ళే."

రెండో దోసె ముట్టుకోకుండా లేచాడు. కొప్పెర తలమీద వేసుకుని తోటలోకి వెళ్ళిపోయాడు. నాగవేణి పిలవాలనుకుంది. పిలవకుండా ఆ దోసె మీద ఆకు మడిచింది.

తండ్రీ కొడుకులు తోట చివర కాలవలు బాగుచేస్తున్నారు. ఆ నీళ్ళ హోరులో వాళ్ళకేమీ వినబడదు. ఇంట్లో ఉన్నది తల్లీ కూతుళ్ళు. మధ్యాహ్నం కూత వచ్చేసరికి సహన లేచింది. నాగవేణి ఆమె చెయ్యి పట్టుకుంది.

"కూర్చో. ఈ ఇంటి నుంచి జవాబు వెళ్ళదు."

"ఆయీ, అది తప్పు."

"ఒక్కపూట తప్పుకి లోయేం కూలదు. ముందు వాడికి అర్థమవనీ."

రెండో కూత వచ్చింది. మొదటిదానికన్నా పొడుగు. కాసేపటికి మూడోది. ఈసారి కూత అంచున చీలిక ఉంది. తర్వాత అటువైపు ఏమీ లేదు, వాన తప్ప.

"వాడు వస్తాడు," అంది సహన. "జవాబు లేకపోతే ఎవరైనా వస్తారు. వాగు నిండుగా ఉందాయీ."

నాగవేణికి అంతదాకా తోచలేదు. పంతం పట్టిన మనిషికి ముందు పంతం కనబడుతుంది, తర్వాతే వాగు కనబడుతుంది. జవాబు కూతేద్దామా అని ఒకసారి గుమ్మందాకా వెళ్ళింది. ఇప్పుడు కూతేస్తే పిల్ల ముందు ఓడినట్టవుతుందని వెనక్కి వచ్చింది.

అరగంట కాలేదు, గజాననుడు వాకిట్లో ఉన్నాడు. నెత్తిన కొప్పెర లేదు. నడుముకి కత్తి, భుజాన తాడు చుట్ట. పిక్కల మీద జలగలు పట్టిన చోట నెత్తురు వానలో పల్చగా కారుతోంది.

"అత్తా, ఏమైంది? మావకేమన్నా అయిందా? గుట్ట జారిందా?" కళ్ళు ఇంటి కప్పునీ, గోడల్నీ, గదుల్నీ వెతుకుతున్నాయి. "పోకమాను వంతెన కొట్టుకుపోయింది. తాడు కట్టుకుని దాటేసరికి ఆలస్యమైంది."

పుట్టిన్నాటినుంచీ వాడావిణ్ణి అత్తా అనే పిలుస్తాడు. ఆవేళ ఆ పిలుపు నాగవేణి చెవిలో ముల్లులా దిగింది. ఆవిడ చూపు తిప్పుకుంది. గజాననుడు ఆవిడ ముఖం చూశాడు. స్తంభానికి ఆనుకున్న సహన ముఖం చూశాడు. కాలవల వైపు నుంచి పార చప్పుడు గాలివాటుగా ఒక్కసారి వినబడి ఆగింది. వాడికి అర్థమైపోయింది.

"అందరూ బాగున్నారు," అన్నాడు. అడిగినట్టు లేదు, తనకు తాను చెప్పుకున్నట్టుంది. "అదే చాలు."

తాడు సరిచేసుకున్నాడు. "వస్తానత్తా."

కూర్చోమని అనలేదు నాగవేణి. చెంబుడు మజ్జిగైనా ఇవ్వలేదు. ఆ అరుగు మీంచి శత్రువు కూడా నోరెండి వెళ్ళిన రోజు లేదు. వాడు తోటలో పది మానుల దూరం వెళ్ళేసరికి మబ్బులో కలిసిపోయాడు. సహన వెనకే దిగబోతే, "నువ్వు వెళ్ళి ఆ వాగుకేం సాయం చేస్తావు? దాటాక కూతేస్తాడులే," అంది నాగవేణి.

వాగు దాటి ఇల్లు చేరడానికి అరగంట. అరగంటైంది. గంటైంది. కూత రాలేదు.

ఇద్దరూ అరుగు మీద ఎడంగా కూర్చున్నారు. వినాలని కూర్చుంటే వానలో ఎన్ని గొంతులో. కప్ప అరిస్తే కూతలా ఉంటుంది. వెదురుపొదలో గాలి దూరితే కూతలా ఉంటుంది. దూడ అంబా అన్నా సహన మెడ నిటారుగా లేస్తోంది. ఏడవడం లేదు పిల్ల. ఏడిస్తే చప్పుడు వల్ల వినబడదని ఏడవడం లేదు.

తండ్రీ కొడుకులు భోజనానికి వచ్చేసరికి మూడు దాటింది. జరిగింది సహనే చెప్పింది, నాలుగు మాటల్లో. శ్రీపాద తల్లివైపు చూడలేదు. చూరు కింది తాడు తీసుకుని, వచ్చిన దారినే వాగు వైపు పరుగులాంటి నడకతో వెళ్ళిపోయాడు. సహన అన్న వెంట వాకిలి చివరిదాకా వెళ్ళి, అక్కడే కంచె పట్టుకుని నిలబడింది.

హెగ్డే కాళ్ళు కడుక్కుని తాంబూలం పళ్ళెం ముందు కూర్చున్నాడు. వక్క తీసుకోలేదు.

"తిట్టండి," అంది నాగవేణి.

ఆయన తిట్టలేదు.

వాన అదేపనిగా మాట్లాడుతోంది. నాగవేణి పంతొమ్మిదేళ్ళప్పుడు ఈ ఇంటికి వచ్చింది. పుట్టిల్లు శిర్సి పెద్దవీధిలో. కిటికీ తీస్తే మనుషులు, వీధిదీపాలు, పూలమ్మే కేకలు. ఇక్కడికొచ్చిన మొదటి ఆషాఢం ఆవిడకు గుర్తుంది. పలకరించే దిక్కు లేదు. అత్తగారికి చెవుడు. పొయ్యి ముందు కూర్చుని, పొగ వల్లే అన్నట్టు ఏడ్చేది. తోటలోంచి మొగుడు గంటకోసారి కూతేసేవాడు. కాపలావాడిలా ఏమిటీ కూతలని విసుక్కుంటూ, కళ్ళు తుడుచుకుని గుమ్మంలోకి వచ్చి జవాబిచ్చేది. ఆ ఊరి పద్ధతే అంత గావుననుకుంది. ఆ తర్వాత ఇన్నేళ్ళూ దాని గురించి ఆలోచించనే లేదు.

ఇప్పుడు, వాగు అవతలి కూత కోసం చెవులు నిలబెట్టుకుని కూర్చుంటే, అది కొత్తగా కనబడింది.

"ఒకటి అడుగుతాను," అంది. "నేనొచ్చిన కొత్తలో, ఆ మొదటి వానాకాలం, గంటకోసారి ఎందుకు కూసేవారు? తోట నుంచి ఇంటికి అన్నిసార్లు ఎవరూ కూయరుగా."

హెగ్డే ఒక తమలపాకు తీసుకుని ఈనె తీశాడు.

"నువ్వు ఏడుస్తుంటావని తెలుసు," అన్నాడు. "వచ్చి ఏం మాట్లాడాలో తెలిసేది కాదు నాకు. కూతేస్తే నువ్వు లేచి గుమ్మందాకా వస్తావు కదా. జవాబులో గొంతెలా ఉందో వినేవాణ్ణి."

"మరెప్పుడు మానేశారు?"

"శ్రావణం ఆఖర్లో ఒకరోజు నీ జవాబు చివర వంగింది. అప్పుడు మానేశాను. ఇక పర్లేదనుకున్నాను."

నాగవేణి కొంగు నోట్లో కుక్కుకుంది. పొద్దున పొయ్యి వెలుగులో కూతురి ముఖంలో తను చూసినదేమిటో, ఏ అద్దంలోదో, ఇప్పుడు తెలిసింది. ముప్పై మూడేళ్ళు బురద లెక్క చెప్పింది, జలగల లెక్క చెప్పింది. ఈ ఒక్కటి ఎవరికీ చెప్పలేదు. తనకే తెలియదు కనుక. ఈ ఇంట్లో ఆవిణ్ణి నిలబెట్టింది నేల కాదు, తోట కాదు. కూతవేటు దూరంలో ఒక మనిషి చెవి పెట్టి ఉండటం.

"ఒక్కసారైనా చెప్పకూడదా," అంది ఏడుస్తూనే.

"గంటకోసారి చెప్పాను కదా," అన్నాడు హెగ్డే.

ఆవిడ లేచింది. మేకు మీది కొప్పెర తీసి నెత్తిన వేసుకుని, చీర కుచ్చిళ్ళు ఎగదోపి వానలోకి దిగింది. వాకిట్లో కూతుర్ని దాటి, తోట అంచున మబ్బు మొదలయ్యే చోటికి వెళ్ళి నిలబడింది. రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. ఇంట్లో కూత ఎప్పుడో మగపిల్లల పనైపోయింది. చివరిసారి ఎప్పుడు వేసిందో గుర్తులేదు.

మొదటి కూత గొంతులోనే పగిలింది. ఎవరూ పలకలేదు.

రెండోది వేసింది. వెనక నుంచి, అరుగు మీంచి జవాబొచ్చింది. హెగ్డేది. అలవాటైన గొంతు ఆగలేక పలికేసింది. నాగవేణికి ఏడుపులోనే నవ్వొచ్చింది. "మిమ్మల్ని కాదు," అంది, వానకు వినబడేటట్టు.

మూడో కూతకు ఊపిరంతా పెట్టింది. అది తోట మీదుగా, మబ్బులోంచి, వాగు హోరు మీదుగా వెళ్ళింది. ఆవిడ కళ్ళు మూసుకుని విన్నది.

చాలా దూరం నుంచి, నీళ్ళ అవతల నుంచి, సన్నగా "కూ" అని వచ్చింది. దాని వెంటనే వాగు ఒడ్డు నుంచి శ్రీపాద కూత. రెండూ ఒకదాని మీద ఒకటి పడి, తోటలో ప్రతి మానుకూ తగిలి, ఎటు నుంచి వస్తున్నాయో తెలియకుండా అయిపోయాయి. కంచె దగ్గర సహన అక్కడికక్కడే బురదలో కూర్చుండిపోయి, అప్పుడు ఏడ్చింది.

దీపాలు పెట్టే వేళకి శ్రీపాద తడిసి ముద్దై వచ్చాడు. "ఎప్పుడో దాటాడు. వాగొడ్డునే చెట్టుకింద కూర్చున్నాడు, ఇంటికైనా పోకుండా. చేరి కూతెయ్యలేదేంరా అని అరిచాను."

"ఏమన్నాడు?"

"కూతేసి మీ ఇంటి నుంచి జవాబు రాకపోతే, పద్ధతి ప్రకారం మళ్ళీ వాగు దాటి రావాలి కదన్నా, అన్నాడు."

ముందు నవ్వింది హెగ్డే. ఆయన నవ్వాక నవ్వకుండా ఉండటం ఎవరి తరం కాలేదు.

నాగవేణి కూతురి తల తుడుస్తూ కూర్చుంది. "విను," అంది. "ఆదివారం వాళ్ళని రావద్దని చెబుతాను. కానీ నేను ఊరికే ఒప్పుకునే మనిషిని కాదు. ఈ వానాకాలమంతా ఇక్కడే ఉండు. ఉద్యోగం మానొద్దు. ఆ ఫోను పలికే బండ మీద పాక వేయించుకుంటావో, శిర్సి పోయి కూర్చుంటావో నీ ఇష్టం. బట్టలారవు, జలగలు పడతాయి, దీపం ఉండదు. భాద్రపదం వెళ్ళాక కూడా నీకు వాన పాటలాగే వినబడితే, నేనే వాగు దాటి పరమేశ్వర భట్టుని అడుగుతాను."

"వినబడకపోతే?"

"వినబడుతుంది," అంది నాగవేణి. "చెవిపెట్టే మనిషుంటే వినబడుతుంది. నాకు కాస్త ఆలస్యంగా వినబడింది, అంతే."

తర్వాత కొడుకు నీలం చేతుల్ని చూసింది. లేచి వెళ్ళి పొద్దున వదిలేసిన దోసె స్థానంలో వేడివేడిగా రెండు దోసెలు వేసి తెచ్చి ముందు పెట్టింది. "టవరొచ్చాక ఆ సిద్ధాపురం ఆవిడకి ఫోను చేస్తాను."

"మళ్ళీ అడుగుతావా? వద్దాయీ."

"అడగను. తిట్టినందుకు మన్నించమంటాను."

"నువ్వు తిట్టినట్టు ఆవిడకి తెలీదుగా."

"నాకు తెలుసుగా," అంది నాగవేణి.

శ్రీపాద దోసె తుంచాడు. ఈసారి రెండూ తిన్నాడు, మూడోది అడిగాడు.

మర్నాడు పొద్దున కూడా వాన అదే. పొయ్యి మీద పెనం కాగింది. మొదటి దోసె కాగితంలా లేచి వచ్చింది. అప్పుడే వాగు అవతల నుంచి కూత. నిన్నటికన్నా చిన్నగా, తలుపు తట్టాలా వద్దా అని ఆగినట్టుగా ఉంది.

వంటింటి గుమ్మంలో సహన నిలబడి తల్లివైపు చూసింది. శ్రీపాద కొప్పెర తీసుకుంటూ ఆగాడు. అరుగు మీద అడకత్తెర చప్పుడు ఆగింది.

నాగవేణి పెనం మీంచి కళ్ళు తిప్పకుండానే అంది. "వినబడలేదటే? పాపం, ఎంతసేపు నిలబడతాడు వానలో. జవాబివ్వు."

సహన జవాబు తోట మీదుగా సాగి, చివర వంగింది. అరుగు మీద అడకత్తెర మళ్ళీ మొదలైంది.